పేదనేలలో పూసే పువ్వు



నేల బాగుంటేనే పంట బాగుంటుందని మన రైతు కుటుంబాలన్నిటికీ తెలుసు. అయితే నేల నిస్సారంగా ఉన్నందుననే బ్రతుకుతున్న ఒక పువ్వును గూర్చి మీకు తెలియజేయగోరుచున్నాము.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన, సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున టిబురాన్ అనే ఊరున్నది. దాని ప్రక్కన సుమారు 600 అడుగుల ఎత్తున్న కొండ పేరు రింగ్ మౌంటెన్. ఆ ప్రాంతంలో ఉద్యోగాల నిమిత్తం స్థిరపడిన తెలుగు కుటుంబాలను దర్శించుటకు వెళ్లినప్పుడు, ఒక మే నెలాఖరున మేము ఆ కొండ ఎక్కాము.

కొండ మీద సర్పెంటైన్ అనే రాయి విస్తారంగా ఉన్నది. పాము చర్మంలా పచ్చగా, నున్నగా ఉంటుంది గనుక దానికి ఆ పేరు. ఆ రాయి అరిగి ఏర్పడిన మట్టిలో నత్రజని, భాస్వరం, పొటాష్ బహు తక్కువ. కాల్షియం తక్కువ, మెగ్నీషియం ఎక్కువ. పైగా నికెల్, క్రోమియం వంటి లోహాలు. మామూలు మొక్కలు అక్కడ గిడసబారిపోతాయి.

అక్కడే టిబురాన్ మారిపోసా లిల్లీ పూస్తుంది. మారిపోసా అంటే స్పానిష్ భాషలో సీతాకోకచిలుక. నేలలో ఉల్లిగడ్డ వంటి గడ్డ, ఒక పొడవాటి ఆకు, సన్నని కాడ, నూగుతో కూడిన మూడు రేకులు. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ మీద ఎర్రని గోధుమ చారలు. ఎండుగడ్డిలో కలిసిపోయే రంగు గనుక, ఎంతో వెదకిన తరువాతనే అది మా కంటబడింది. మహానగరానికి ఇంత చేరువలో ఉన్నా, 1971లో రాబర్ట్ వెస్ట్ అనే వైద్యుడు చూచేవరకు శాస్త్రజ్ఞులకు ఈ మొక్క తెలియదు. లోకమంతటిలో అది సహజంగా పెరిగేది ఈ ఒక్క కొండ మీదనే.

ఒకప్పుడు ఈ కొండ మీద ఇండ్లు కట్టాలని చూచారు. స్థానికులు అడ్డుపడగా, ఆ భూమి రక్షిత స్థలమైంది. 1995లో అమెరికా ప్రభుత్వం ఈ మొక్కను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

అయినా ఇటువంటి నేలలకు మరొక ముప్పు ఉన్నది. కార్ల పొగలోని నత్రజని గాలి ద్వారా నేలకు చేరి, ఎవరూ చల్లని ఎరువవుతుంది. అప్పుడు వెలుపలి దేశాల గడ్డి ఏపుగా పెరిగి స్థానికపు పూలమొక్కలను కప్పివేస్తుంది. శాన్‌హోసే దగ్గరి సర్పెంటైన్ కొండలను గూర్చి 1999లో వెలువడిన పరిశోధన ఈ సంగతి తెలిపింది. పశువులు మేసిన చోట పూలు నిలిచాయి, మేత ఆపిన చోట గడ్డి కమ్మివేసింది.

మీ బిడ్డలు ఆ దిక్కున ఉంటే, మే, జూన్ నెలల్లో వెళ్లి చూడమనండి. బాట విడిచి నడవవద్దనీ, పువ్వు కోయవద్దనీ చెప్పండి. విత్తనం మొలిచి పూత పూయడానికి ఏండ్లు పడుతుంది. అది పోతే మరొక కొండ నుండి తెచ్చుకొనే వీలులేదు.