నయాపూల్ దాటితే...

'పాతబస్తీకా? జాగ్రత్త సుమా!'

గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో బదిలీ మీద చార్మినార్ దగ్గరి ఆఫీసుకు వచ్చే ఉద్యోగి, బయల్దేరే ముందు తప్పకుండా వినే మాట ఇది. చెప్పేవాళ్లలో చాలామంది నయాపూల్ దాటి నాలుగుసార్లు కూడా వెళ్లి ఉండరు. వెళ్లినా చార్మినార్ చూసి, లాడ్‌బజార్‌లో గాజులు కొనుక్కుని, చీకటి పడకముందే వెనక్కి వచ్చేసినవాళ్లే. అలాగని ఆ భయం ఊరికే పుట్టిందీ కాదు. 1990 డిసెంబరు అల్లర్లనూ, రోజుల తరబడి సాగిన కర్ఫ్యూలనూ చూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. పేపర్లో పాతబస్తీ పేరు కనిపిస్తే గుండె గుబేల్మనడం ఆ తరానికి అలవాటైపోయింది. అదే అలవాటు పిల్లలకూ వచ్చింది.

కానీ అక్కడ రోజూ బతికే లక్షల మందికి రోజూ కర్ఫ్యూ ఉండదు కదా! వాళ్లకూ పొద్దున్నే పాలు రావాలి, పిల్లలు బడికి వెళ్లాలి, సాయంత్రం నలుగురితో ఓ కప్పు చాయ్ పడాలి. కొత్తగా వచ్చినవాడికి ఆ రోజువారీ జీవితమే మొదట వింతగా, ఆ తర్వాత... మరీ అంత వింతగా కాకుండా కనిపిస్తుంది. ఎందుకో చూద్దాం.

పదకొండింటికి తెల్లవారుతుంది!

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి మూసీ దాటగానే కుడివైపు హైకోర్టు గుమ్మటాలు. 1920లో ప్రారంభమైన ఆ భవనాన్ని చూస్తూ మదీనా చౌరస్తా మీదుగా పత్తర్‌గట్టీలోకి అడుగుపెడితే రాతి కమానుల కింద వరసగా దుకాణాలు. ఉదయం తొమ్మిదింటికి వచ్చారా, చాలావాటికి షట్టర్లే! ఊళ్లో ఎనిమిదింటికల్లా అంగళ్లు తెరవడం చూసి పెరిగినవాడికి ఇదేం బద్ధకమనిపిస్తుంది. బజారుకు నిజంగా తెల్లవారేది పదకొండు దాటాకే.

అయితే ఆ తొందరపాటు అంచనాను సరిదిద్దుకోవాలంటే ఒకసారి సూర్యోదయానికి ముందు రావాలి. రాత్రంతా పొయ్యి మీద ఉడికిన నహారీ గిన్నెల ముందు అప్పటికే జనం బారులు తీరి ఉంటారు. నాలుగు కోణాల 'చార్ కోనీ' నాన్‌లు వేడివేడిగా తందూర్ లోంచి బయటికి వస్తుంటాయి. రాత్రి పన్నెండు దాటినా వీధిలో పిల్లలు ఆడుతుంటారు. ఇక రంజాన్ నెలలో అయితే బజారు తెల్లవారుజాము సహర్ వేళ దాకా మేలుకునే ఉంటుంది. బద్ధకం కాదు, ఈ ఊరి గడియారమే వేరు.

ఆ సంగతి బాగా తెలిసేది పెళ్లిలో. శుభలేఖలో రాత్రి ఎనిమిది అని ఉంటుంది. కొత్తవాడు బుద్ధిగా ఎనిమిదింటికి ఫంక్షన్ హాలుకు వెళితే అక్కడ కుర్చీలు సర్దేవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు. బంధువులు పది దాటాక వస్తారు. పెళ్లికొడుకు మర్ఫా వాయిద్యాల హోరులో ఇంకా ఆలస్యంగా వస్తాడు. విస్తరి... కాదు, దస్తర్‌ఖాన్ పరిచేసరికి అర్ధరాత్రి. రెండో పెళ్లి పిలుపు వచ్చేనాటికి కొత్తవాడు ఇంట్లో కాస్త తినే బయల్దేరతాడు!

లెక్క చాయ్ తాగాకే

ఇరానీ హోటల్లో కూర్చుంటే అడగకుండానే బల్ల మీదికి ఓ ప్లేటు వస్తుంది. దాని నిండా చిన్న సమోసాలో, ఉస్మానియా బిస్కట్లో. 'నేను అడగలేదే' అని కంగారుపడక్కర్లేదు. ఎన్ని తింటే అన్నింటికే డబ్బులు. లేచేటప్పుడు సర్వర్ ప్లేటు వైపు ఓ చూపు చూసి గల్లాపెట్టె దాకా వినిపించేలా లెక్క కేకేస్తాడు. బిల్లు కాగితం తర్వాత, నమ్మకం ముందు.

చాయ్ తయారీలోనూ ఓ పద్ధతుంది. డికాక్షన్ ఓ పాత్రలో, పాలు మరో పాత్రలో విడివిడిగా గంటల తరబడి మరుగుతూనే ఉంటాయి. కప్పులోనే రెండూ కలిసేది. ఇద్దరొస్తే 'వన్ బై టూ'. ఒక చాయ్‌ను చెరిసగం చేసుకుని గంటసేపు కూర్చున్నా లేవమనేవాళ్లు అరుదు. పాతికేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడు హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లు బాగా తగ్గిపోయాయి. కూర్చునే బల్లలు పోయి నిలబడి తాగే కౌంటర్లు వచ్చాయి. చార్మినార్ నీడలోని నిమ్రా లాంటి చోట్ల మాత్రం పొద్దున్నుంచీ జనం తగ్గరు.

ఉర్దూలో దాగిన తెలుగు

కొత్తవాడికి అసలు పరీక్ష భాష. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ ఇక్కడ సగమే పనిచేస్తుంది. 'అవును'కు 'హౌ', 'వద్దు'కు 'నక్కో', 'ఎందుకు'కు 'కైకూ'. పుస్తకాల ఉర్దూలో 'పర్సోం' అంటే మొన్న, లేదా ఎల్లుండి. పాతబస్తీలో మాత్రం 'పర్సోం' అంటే గడిచిపోయిన ఏ రోజైనా కావచ్చు. మొన్న కలిసిన మనిషీ 'పర్సోం'లోనే ఉంటాడు, పదేళ్ల కిందట కట్టిన ఇల్లూ 'పర్సోం'లోనే ఉంటుంది.

నాలుగు రోజులు చెవి పెట్టి వింటే మాత్రం ఓ చిత్రం బయటపడుతుంది. 'రేపు వస్తానని చెప్పాడు' అనడానికి ఢిల్లీవాళ్లు 'ఉస్‌నే కహా కి...' అని మొదలుపెడతారు. చెప్పాడన్న మాట ముందు, చెప్పిన సంగతి తర్వాత. పాతబస్తీలో 'కల్ ఆతూం బోల్కే బోలా' అంటారు. అచ్చం తెలుగు వరస! మన 'అని'కి వాళ్ల 'బోల్కే' సరిగ్గా సరిపోతుంది. మాటలు ఉర్దూవి, వాక్యం నడక దక్షిణాదిది. దక్కనీ ఉర్దూ వందల ఏళ్లు తెలుగు, కన్నడ, మరాఠీల పక్కన పెరిగిన భాష. మరి మన సంగతో? దుకాణం, తారీఖు, జమానతు, సర్కారు... ఈ మాటలు లేకుండా తెలంగాణ పల్లెలో ఒక్క పూట గడుస్తుందా?

చింతచిగురు సాక్షి

భాష కంటే తొందరగా గుట్టు విప్పేది వంటిల్లు. హైదరాబాద్ వంట అంటే బిర్యానీయే అనుకుని వచ్చినవాడికి పక్కింటి నుంచి వచ్చే గిన్నెలో మరో లోకం కనిపిస్తుంది. ఖట్టీ దాల్ అంటే చింతపండు పిండి, కరివేపాకు, ఎండుమిర్చి పోపు పెట్టిన పప్పు. బఘారా బైగన్‌లో నువ్వులు, పల్లీలు, చింతపండు. మన గుత్తివంకాయకు దగ్గరి చుట్టమే! అంబాడే కీ భాజీ అంటే గోంగూర. ఎండాకాలం మొదట్లో చింతచెట్లు చిగురించగానే మాంసంలో ఆ చిగురు వేసి వండుతారు. దాని పేరు 'చిగుర్ గోష్'. ఢిల్లీలో ఈ 'చిగుర్' ఏమిటో ఎవరికీ తెలియదు. తెలుగింటివాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు మరో పద్ధతి తెలుస్తుంది. పాత ఇళ్లకు వీధివైపు పెద్దగా కిటికీలుండవు. గుమ్మానికి పరదా వేలాడుతుంటుంది. తలుపు తట్టి, లోపలికి తొంగిచూడకుండా పక్కకు జరిగి నిలబడాలి. లోపలి నుంచి 'ఎవరు?' అన్నాకే మాట. ఆడవాళ్లు పరదా వెనక నుంచే మాట్లాడొచ్చు, పిల్లవాడు గ్లాసుతో షర్బత్ తేవచ్చు. మొదట్లో ఇది దూరం పెట్టడంలా అనిపిస్తుంది. పరదా ఎత్తితే లోపల నడిమధ్య ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు. కోస్తాలో మండువా లోగిలి చూసినవాడికి ఇది కొత్త ఇల్లేమీ కాదు.

మెరుపు వెనక చేతులు

అందం ఒక్కటే చెప్పి ఊరుకుంటే పాతబస్తీ పూర్తికాదు. లాడ్‌బజార్‌లో దీపాలు వెలిగాక లక్క గాజుల మెరుపు చూడాల్సిందే. దుకాణదారు వెయ్యి అంటాడు, కొనేవాళ్లు నాలుగు వందలంటారు. మధ్యలో కుశల ప్రశ్నలు. బేరం కుదరకపోయినా ముఖం మాడ్చుకోరు. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆ గాజు తయారయ్యేది మాత్రం దుకాణంలో కాదు, వెనక సందుల్లోని ఇరుకు గదుల్లో. నిప్పుల సెగకు లక్కను కరిగించి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతారు. వేళ్లకు బొబ్బలు తప్పవు. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. చాలామంది బిహార్ నుంచి తెచ్చినవాళ్లు. కొత్తవాడి కళ్లు మెరుపు దగ్గరే ఆగిపోకూడదని చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు.

ఒకే ఏనుగు, రెండు ఊరేగింపులు

మొహర్రం పదోరోజు దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బీబీ కా ఆలం బయల్దేరి చాదర్‌ఘాట్ దాకా వెళుతుంది. దారి పొడవునా గుండెలు బాదుకుంటూ విలపించే జనం. మొదటిసారి చూసినవాడు నిశ్చేష్టుడైపోతాడు. కానీ పల్లెటూరి నుంచి వచ్చినవాడికి ఎక్కడో ఓ జ్ఞాపకం కదులుతుంది. ఊళ్లో పీర్ల పండుగ! అక్కడా అలావా గుండం ఉండేది. పీరును ఎత్తుకున్నవాళ్లలో, మొక్కినవాళ్లలో సగం మంది హిందువులే ఉండేవాళ్లు.

ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళికి బోనాలు. మర్నాడు హరిబౌలిలోని అక్కన్న మాదన్న ఆలయం నుంచి అమ్మవారి ఘటం ఏనుగు మీద ఊరేగుతూ చార్మినార్ మీదుగా నయాపూల్‌కు చేరుతుంది. గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులైన ఆ సోదరులు 1686లో హత్యకు గురయ్యారు. వాళ్ల పేరు మాత్రం ఆ వీధిలో ఇంకా బతికే ఉంది.

విశేషమేమిటంటే, కొన్నేళ్ల పాటు నెహ్రూ జూపార్కులోని రజని అనే ఏనుగే ఈ రెండు ఊరేగింపుల్లోనూ నడిచింది. ఓసారి ఘటాన్ని మోసింది, మరోసారి ఆలాన్ని. తర్వాత బయటి నుంచి ఏనుగును రప్పించాల్సి వచ్చింది. రజనికి ఏ పండుగ ఎవరిదో తెలియదు. తెలిసినవాళ్లే కొట్టుకున్నారు, తెలిసినవాళ్లే దారి కూడా ఇచ్చారు.

అందరూ ఒకప్పుడు కొత్తవాళ్లే

ఆమాటకొస్తే ఈ ఊళ్లో కొత్తవాడు కానిదెవరు? 1591లో చార్మినార్ కట్టి కొత్త నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా తాత ఇరాన్ వైపు నుంచి వచ్చినవాడు. తండ్రి ఇబ్రహీం తెలుగు కవుల నోట 'మల్కిభరాము'డయ్యాడు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ వైపు నుంచి వచ్చిన అరబ్బుల బారక్స్ ఉన్నచోటే నేటి బార్కస్. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే పదిహేడో శతాబ్దంలో వచ్చినప్పుడు మక్కా మసీదు ఇంకా కడుతూనే ఉన్నారు. ఒకే ఒక్క రాతిని గనిలోంచి తీయడానికి అయిదేళ్లు పట్టిందనీ, లాగడానికి 1400 ఎడ్లు కావాల్సి వచ్చాయనీ నోరెళ్లబెట్టి రాసుకున్నాడు. కొత్తవాళ్లు నోరెళ్లబెట్టడం పాతబస్తీకి కొత్తేం కాదు!

ఇప్పుడు మెట్రో రైలు కూడా మూసీ దాటబోతోంది. 2024 మార్చిలో ఆ మార్గానికి శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడాది దారిలోని కట్టడాల కూల్చివేత మొదలైంది. రైలొస్తే నయాపూల్ దాటడం నిమిషాల పని. కానీ 'జాగ్రత్త సుమా' అన్న మాట దాటడానికి ఏ రైలూ చాలదు. దానికి ఓ పూట చాయ్ హోటల్లో తీరిగ్గా కూర్చోవాలి, ఓ పక్కింటి గిన్నె తిరిగి ఇవ్వాలి, ఓ పెళ్లిలో అర్ధరాత్రి దాకా ఆకలితో ఎదురుచూడాలి.

అవన్నీ అయ్యాయో లేదో తెలుసుకోవడం తేలికే. బదిలీ మీద వచ్చి మూడేళ్లయిన ఉద్యోగిని పాతబస్తీకి ఎప్పుడొచ్చారని అడిగితే తారీఖు చెప్పాడా, ఇంకా కొత్తవాడే.

'పర్సోం' అన్నాడా... ఇక ఈ ఊరివాడే!