చూసేవారి మర్యాద

ఆడేవారికి నేర్పే గురువులు లోకంలో చాలామంది వున్నారు. అడుగు యెట్లా వేయాలో, చేయి యెంతవరకు లేపాలో, తాళానికి యెక్కడ నిలవాలో చెప్పి దిద్దుతారు. చూడవచ్చినవారు యెట్లా నిలబడాలో, యెంత దూరం జరగాలో, యెప్పుడు వూరుకోవాలో నేర్పే బడి మాత్రం యెక్కడా లేదు. అందువల్ల కాబోలు, మన ఆటలు పాడయ్యేది ఆడేవారివల్ల కంటె చూసేవారివల్లనే యెక్కువ. యీ మాట కొంచెం కటువుగా తోచవచ్చు. యెందుకన్నామో చెప్పుతాము, విన్న తరువాత పాఠకులే తీర్పు చెప్పవచ్చు.

మేముండేది వెంబకోట్టై. తమిళనాడు విరుదునగరం జిల్లాలో, వైప్పారు యేటి వొడ్డున, నల్లరేగడి నేలలో వున్న వూరు. శివకాశి, సాత్తూరు, కోవిల్పట్టి మాకు చుట్టుప్రక్కల పట్నాలు. యిక్కడి పాత దిబ్బను రాష్ట్ర పురావస్తుశాఖవారు 2022లో తవ్వడం మొదలుపెట్టగా శంఖు గాజులు, పూసలు, మట్టి బొమ్మలతోపాటు ఆటకాయలు కూడా బయటపడినవి. కనుక ఆట యీ నేలకు కొత్త కాదు.

యీ ప్రాంతపు పల్లెలలో యింట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుకొనే కుటుంబాలు తరతరాలుగా వున్నవి. కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ గారి (1923–2021) యింటి మాట తెలుగే. ఆయన మనవారి వలస కథను ‘గోపల్ల గ్రామం’ అనే నవలగా తమిళంలో వ్రాశారు. దాని తరువాతి భాగం ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన పత్రిక వస్తే అక్షరాలు కూడబలుక్కొని చదివేవారూ, చదివించుకొని వినేవారూ మా వీధిలో వున్నారు. యీ నాలుగు ముక్కలూ వారి కోసం కూడా.

యీ తెలుగు కుటుంబాలలో రాజకంబళం నాయకర్లు అనేవారొకరు. పాంచాలంకురిచ్చి నేలిన వీరపాండ్య కట్టబొమ్మన ఆ కులంవాడే. ఆంగ్లేయులు ఆయనను 1799 అక్టోబరు 16న కోవిల్పట్టికి దగ్గర వున్న కయత్తారులో ఉరి తీశారు. వారి ఆటను దేవరాట్టం అంటారు. మేము ఆ కులంవారము కాము, పక్క వీధివారము. పెళ్ళికి పిలిస్తే పోతాము, జాతరకు పిలవకపోయినా పోతాము. అంటే మేము పుట్టినప్పటినుండీ చూసేవారమే. చూసేవారి తరఫున మాట్లాడే హక్కు అందువల్ల మాకు వున్నదనుకొంటున్నాము.

దేవరాట్టంలో పాట లేదు. కాళ్ళకు గజ్జెలు కట్టి, రెండు చేతులా రెండు రుమాళ్ళు పట్టుకొని, వరుసగా నిలబడి ఆడుతారు. ముందువాడు వొక అడుగు వేసి చూపుతాడు; వెనుకవారు దానిని అందుకొంటారు. వారిని నడిపేది ఉరుమి. అది రెండు ముఖాల వాద్యం. వొక ముఖాన్ని కొట్టుతారు. రెండవ ముఖం మీద వంపు పుల్లతో రాస్తే దూరాన మబ్బు మూలిగినట్లు వినబడుతుంది. దేవదుందుభి అని దానికి గౌరవనామం. అనంతపురం వైపువారికి ‘ఉరుముల’ నృత్యం తెలుసును గనుక యీ మోత వారికి పరాయిగా తోచదు.

పాట లేదన్న సంగతి యిక్కడ ముఖ్యం. పాటలో నైతే వొక మాట వినబడకపోయినా తరువాతి మాట పట్టుకొని కలుసుకోవచ్చు. దేవరాట్టంలో అడుగు మార్చే సమయం చెప్పేది ఉరుమి ఒక్కటే. ఆ మార్పు చెవిని పడకపోతే వరుసలో సగం మంది పాత అడుగులోనూ, సగం మంది కొత్త అడుగులోనూ చిక్కుకొంటారు. కాబట్టి యీ ఆటకు కావలసినవి రెండే: కాలికి కొంచెం చోటు, చెవికి కొంచెం నిశ్శబ్దం. ఆ రెండూ ఆడేవారి చేతిలో లేవు. చూసేవారు యివ్వాలి.

మా పెద్దలు వాటిని అడగకుండానే యిచ్చేవారు. ఉరుమి చప్పుడు మొదలయ్యేసరికి గుంపు తనంతట తానే నాలుగడుగులు వెనుకకు జరిగేది. పిల్లలు ముందు కూర్చుండేవారు, వారి వెనుక ఆడవారు, అందరికంటె వెనుక మగవారు. ఉరుమివానికీ వరుసకూ నడుమనున్న ఖాళీని యెవరూ దాటేవారు కారు. అవతలి వైపు పనివుంటే చుట్టూ తిరిగి పోయేవారు. దాటబోయిన కుర్రవానిని యేదో వొక ముసలమ్మ చేయిపట్టి లాగి, “కన్ను లేదట్రా నీకు? ఆట జరుగుతూంది!” అనేది. మా బడి అంతే; ఆ ముసలమ్మే మా పంతులు.

ఖాళీ చోటును గౌరవించడం కంబళంవారికి పాత అలవాటే. కులపంచాయతీ కూడేటప్పుడు వారు కంబళి పరచి, దాని మీద నీళ్ళు నింపిన కలశం పెట్టి, పూలతో అలంకరించేవారని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన గ్రంథంలో వ్రాశాడు. కంబళం అనే పేరు అందులోనుంచి వచ్చినదే నంటారు. పరచిన కంబళి చుట్టూ జనం తమ హద్దు తాము తెలుసుకొని కూర్చుండేవారు. ఆట జరిగే నేల కూడా అటువంటి పరచిన కంబళే నని మాకు తోస్తుంది. కంటికి కనబడదు, అంతే భేదం.

ఇప్పుడు సంగతి వేరుగా వున్నది. మొన్న వేసవిలో దగ్గరి పల్లెలో వొక పెళ్ళికి వెళ్ళాము. పెళ్ళికొడుకు తాతగారు ముచ్చటపడి దేవరాట్టం పెట్టించారు. తొమ్మిదిమంది వరుసగా నిలిచారు. ముందు నిలిచినాయనకు డెబ్బది యేళ్ళు దాటి వుంటవి. ఆట మొదలైన పావుగంటకు ఫోనులు పైకెత్తుకొని పదిమంది ముందుకు వచ్చారు. వెనుకవారికి కనబడక వారూ వచ్చారు. వొకాయన యెదురుగా నిలబడి పదిరూపాయల నోట్లు తల మీద తిప్పి విసరసాగాడు; అవి యేరుకోవడానికి పిల్లలు కాళ్ళ నడుమ దూరారు. నలుగురు కుర్రవాళ్ళు వరుస మధ్యలో జొరబడి సినిమా అడుగులు వేశారు. ఇంతలో యెవరో పక్కనే సరవెడి అంటించారు. సౌండు పెట్టెలవారు తమ వంతు వచ్చిందనుకొని పాట వేశారు.

తొమ్మిదిమందీ వొక్కరొక్కరే రుమాళ్ళు మడిచి నడుమున దోపుకొన్నారు. కోపపడలేదు, యెవరినీ వొక మాట అనలేదు. మేము ముందాయన దగ్గరకు పోయి, “తాతా, ఆపేశారేమి?” అని అడిగాము.

“ఆపలేదయ్యా. ఉరుమి వినబడలేదు, కాలు నిలిచింది,” అన్నాడాయన.

గుంపులో వొక్కరికైనా ఆ ఆట నిలిచిన సంగతి తెలిసినట్లు కనబడలేదు. మమ్మల్ని బాధించినది అదే. తరిమి ఆపితే అందరికీ తెలుస్తుంది. తగవు వస్తుంది, మరునాడు సమాధానమూ అవుతుంది. చోటు లేక నిలిచిపోయిన ఆటకు సాక్షి కూడా వుండడు.

ఆ పెళ్ళికి మా బంధువుల కుర్రవాడొకడు అమెరికానుండి వచ్చివున్నాడు. అక్కడ వుద్యోగం చేసుకొంటూ శనివారాలు ‘స్వింగ్’ అనే పాతకాలపు జంట నాట్యానికి పోతూంటాడట. రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు, “మామా, మా దగ్గర హాలు గుమ్మంలోనే మర్యాదలన్నీ వ్రాసి పెట్టుతారు,” అన్నాడు. నాట్యానికి మర్యాదల పట్టిక యేమిటని మాకు నవ్వు వచ్చింది. విన్న తరువాత నవ్వు పోయింది.

యెవరితోనైనా ఆడదలిస్తే ముందు అడగాలి. వారు వద్దంటే చిరునవ్వుతో తప్పుకోవాలి, యెందుకని అడగరాదు. అడగకుండా వొకరి అడుగు దిద్దరాదు. కిక్కిరిసిన చోట మనిషిని గాలిలోకి యెత్తే విన్యాసాలు చేయరాదు. కాలు తగిలితే తప్పు యెవరిదైనా ఇద్దరూ క్షమాపణ చెప్పుకోవాలి. చెమట పట్టుతుంది గనుక మార్చుకోవడానికి ఇంకొక చొక్కా తెచ్చుకోవాలి. యీ చివరి నియమం మా యింటి ఆడవారికి అన్నిటికంటె నచ్చింది.

ఆ నాట్యం పుట్టిల్లు న్యూయార్కులోని హార్లెం. అక్కడ సవాయ్ అనే నాట్యశాల 1926లో తెరిచి 1958లో మూశారు. నల్లవారూ తెల్లవారూ వొకే చోట చేరడానికి వీలులేని ఆ రోజులలో కూడా అందరినీ లోపలికి రానిచ్చిన శాల అది. అయినా దానిలో వొక మూల ఆరితేరిన ఆటగాళ్ళదని అందరికీ తెలుసునట. కొత్తవారు అక్కడ చూసి నేర్చుకొనేవారు గాని జొరబడేవారు కారట. అక్కడ పేరు తెచ్చుకొన్న ఫ్రాంకీ మానింగ్ (1914–2009) ఆ మోజు పోయిన తరువాత తపాలా కచేరీలో ముప్పై యేళ్ళ దాకా వుద్యోగం చేశాడు. 1980 తరువాత పడుచువాళ్ళు ఆయనను వెదుక్కొంటూ వచ్చి నేర్పమని అడిగారు. ముసలితనంలో దేశదేశాలు తిరిగి ఆయన నేర్పాడు. ఆట మళ్ళీ లేచింది. వచ్చినవారందరూ పరాయివారే గనుక, వారికోసం మర్యాదలు వ్రాసి పెట్టవలసి వచ్చింది.

యీ కథ మాకు వొక సంగతి తేటపరచింది. దేవరాట్టం వెనుక ఆ కులంలోని మగవారు మాత్రమే తమ గుడి ముందర ఆడుకొన్న ఆట. అందరూ వొకే యింటివారైన చోట నియమం నోటితో చెప్పనక్కరలేదు. ఇప్పుడు దానిని బడిపిల్లలు నేర్చుకొంటున్నారు. ఆడపిల్లలూ గజ్జె కట్టుతున్నారు. చెన్నై వేదికల మీద వూరూపేరూ తెలియనివారు చూస్తున్నారు. ఇది మంచిదే, సందేహం లేదు. తలుపు మూసివుంచితే ఆటలు బ్రతకవు. కాని తలుపు తెరిచినవారు గుమ్మంలో నాలుగు మాటలు చెప్పవలసి వుంటుంది. ఆ నలుగురు కుర్రవాళ్ళు దుర్మార్గులు కారు. చేయిపట్టి లాగే ముసలమ్మ ఆనాడు అక్కడ లేదు, అంతే.

మా ప్రాంతపువారికి గుంపు మర్యాద అర్థం కాదనడం మాత్రం సరికాదు. మా బాణసంచా గదుల తలుపుల మీద లోపల యెంతమంది వుండవచ్చునో అంకె వేసి వుంటుంది. ఆ అంకె దాటితే యేమవుతుందో వెంబకోట్టైలో యెవరికీ విప్పి చెప్పనక్కరలేదు. గదికీ గదికీ మధ్య ఖాళీ యెందుకో కూలికి పోయే చిన్నదానికి కూడా తెలుసు. అక్కడ దూరం ప్రాణం కాపాడుతుంది. ఇక్కడ ఆటను కాపాడుతుంది. వారమంతా ఆ దూరం పాటించే మనుషులకు పండుగనాడు వొక గంట పాటించడం అసాధ్యం కాదు.

కనుక యింట్లో పెళ్ళి పెట్టుకొనేవారికి మా మనవి. దేవరాట్టం గాని, కోలాటం గాని, కుమ్మి గాని పెట్టించేటప్పుడు మొదలు నేల మీద సున్నంతో గీత గీయించండి. ఆట ముగిసేదాకా సౌండు పెట్టెలవారికి కాఫీ యిచ్చి కూర్చోబెట్టండి. బాణసంచా ఆటకు ముందో తరువాతో కాల్చండి. బహుమానం యివ్వదలచినవారు ఆట ముగిసిన తరువాత తాంబూలంలో పెట్టి చేతికి యివ్వండి. విసిరిన డబ్బు యెంత పెద్దదైనా మర్యాద కాదు. ఫొటో కావలసినవారు ముందువరుసలో కూర్చుండి తీసుకోండి. ఆడాలని వుబలాటపడే కుర్రవాళ్ళకు చివర వొక అరగంట విడిగా యివ్వండి. అప్పుడు ముందాయన అడుగు చూపుతాడు, వాళ్ళు తోకలో నిలబడి అందుకొంటారు. నేర్చుకోవడానికి తోక కంటె మంచి చోటు లేదు. ముందున్నవారందరూ కనబడుతారు, తప్పు వేస్తే వెనుకనుండి చూసేవారు లేరు.

యిక యీ మాటలు చెప్పేదెవరు? ఆడేవారు చెప్పలేరు, అతిథిని పొమ్మన్నట్లు వుంటుందని వారికి మొగమాటం. చెప్పవలసినవారము చూసేవారమే. మేము మా వీధిలో ఇద్దరు పెద్దమ్మలను అడిగి వొప్పించాము. వచ్చే చిత్తిరై నెలలో జాతరకు పోయినప్పుడు వారు గీత దగ్గర పీటలు వేసుకొని కూర్చుంటారు. పాత పద్ధతిలోనే చేయిపట్టి లాగుతారు. ఎవరూ తప్పు పట్టరని నమ్ముతున్నాము.

మీ వూళ్ళలో ఆటల దగ్గర యే మర్యాద నిలిచివుందో, యేది పోయిందో, పోయినదానిని తిరిగి యెట్లా తెచ్చుకొన్నారో వ్రాయండి. తెలుగు అక్షరాలు రానివారు చెప్పి వ్రాయించినా సరే. మా వీధివారికి చదివి వినిపిస్తాము.