పాపికొండల్లో రెండు కెమెరాలు

నిరుడు చలికాలంలో నాన్నగారితో పోచవరం రేవులో లాంచీ ఎక్కి పాపికొండలు చూడబోయాము. సంచిలో బావగారి మిర్రర్‌లెస్ కెమెరా, జేబులో నా కాంపాక్ట్. ఏది కొనాలో తేల్చుకుందామని!

మిర్రర్‌లెస్‌లో అద్దముండదు, లెన్సులు మార్చుకోవచ్చు. వెలుగును పట్టే సెన్సార్ నాదానికంటే చాలా పెద్దది. నాదానికి లెన్సు అతికే ఉంటుంది.

గోదావరి ఇరుకైన చోట కొండనీడ కమ్మింది. అక్కడ నా బొమ్మలు ఇసుక చల్లినట్టు వచ్చాయి. బావగారివి ఎంత తేటగానో! పేరంటాలపల్లిలో దిగుతూ నాన్నగారు వెనుదిరిగి నవ్వారు. అప్పుడు నేను లెన్సు మారుస్తున్నాను. చెల్లి నా జేబులోని కాంపాక్ట్ లాగి నొక్కేసింది.

మా గోడకెక్కింది ఆ ఫొటోయే. నాన్నగారిప్పుడు అంతదూరం రాలేరు. దాచిన డబ్బుతో మళ్ళీ కాంపాక్టే కొన్నాను. బావగారింకా నవ్వుతూనే ఉన్నారు.