నాయన పంచె మీద నేరేడు మరక

తిరుపతి బస్టాండులో శ్రీకాళహస్తి బస్సు కోసం చూస్తూ నేరేడు పళ్లు తింటున్నా. ఒకటి చితికి తెల్ల పంచె మీద పడింది. అది నాయన పెళ్లిపంచె. ఆయన పోయాక అమ్మ పెట్టెలో దాచి, దర్శనానికి కట్టుకోమని ఇచ్చింది. కుళాయి దగ్గర సబ్బు పెట్టి రుద్దితే మరక నీలంగా మారి కూర్చుంది!

దర్శనం అయ్యాక కలంకారీ వేసే ఒక పెద్దాయన చూసి, "రుద్దద్దు నాయనా, ఇంకా లోపలికి పోతాది" అన్నాడు. వాళ్లు బట్టను కరక్కాయ, పాలు కలిపి నానబెడతారు. పాలవల్ల రంగు పాకదు. తుప్పు ఇనుము, బెల్లం పులిసిన నీళ్లలో వెదురు కలం ముంచి గీస్తే, కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి వదలని నలుపవుతుంది.

మనకి కావాల్సింది దీనికి రివర్స్. నేరేడులోనూ రెడ్ వైన్‌లోనూ ఉండేవి ఆంథోసయనిన్ రంగులు, టానిన్లే. సబ్బులోని క్షారం తగిలితే ఆ రంగు నీలమవుతుంది. అందుకే ముందు పొడిగుడ్డతో అద్దాలి. తర్వాత చన్నీళ్లు, నిమ్మరసం, మళ్లీ చన్నీళ్లు. రంగు బట్టయితే ముందు ఓ మూల పరీక్షించండి. మరక పోయేదాకా వేన్నీళ్లు, ఇస్త్రీ, తుప్పు బకెట్ వద్దు. సోఫా మీద వైన్ ఒలికినా రుద్దకుండా అద్దడమే.

ఇంత చేసినా పంచె మీద లేత ఊదా నీడ మిగిలింది. భయపడుతూనే అమ్మకి చూపించా. అమ్మ ఇంకో అంచు విప్పింది. అక్కడ పెళ్లినాటి పసుపు మరక.

"ఇది తియ్యలేదా?"

"ఎందుకు తీస్తాను రా?"