ముల్లర్ నాళం కథ



పిల్లల కోసం ఫెర్టిలిటీ సెంటర్ మెట్లెక్కిన ప్రతి ఆడమనిషికీ ఏఎంహెచ్ పరీక్ష తెలిసే ఉంటుంది. అండాశయంలో అండాల నిల్వ ఎంతుందో దాన్ని బట్టి అంచనా కడతారు. ఆ హార్మోను పూర్తి పేరు యాంటీ ముల్లేరియన్ హార్మోన్. అయితే దాని జాడ మొదట దొరికింది ఆడవాళ్లలో కాదు, మగపిండంలో. ఆ సంగతే ఈసారి రాస్తున్నాను.

పిండం ఏర్పడ్డాక ఆరు వారాల దాకా ఆడ, మగ అవయవాల్లో తేడా కనిపించదు. అండాశయం కావాలన్నా వృషణం కావాలన్నా పనికొచ్చే ఒక జత గ్రంథులు ఉంటాయి. వాటి పక్కనే రెండు జతల నాళాలు: వోల్ఫ్ నాళాలు, ముల్లర్ నాళాలు. ఏ పిండమైనా సరే, రెండూ ఉంటాయి.

వై క్రోమోజోము ఉంటే దాని మీది ఎస్ఆర్‌వై అనే జన్యువు ఏడో వారం ప్రాంతంలో ఆ గ్రంథిని వృషణంగా మారుస్తుంది. ఈ జన్యువును లండన్‌లో 1990లో కనిపెట్టారు. వృషణం తయారవగానే టెస్టోస్టిరాన్ ఊరుతుంది. దాని అండతో వోల్ఫ్ నాళం నిలిచి శుక్రవాహిక అవుతుంది. ఆడపిండంలో ముల్లర్ నాళాలు నిలిచి ఫెలోపియన్ ట్యూబులు, గర్భసంచి, యోని పైభాగం అవుతాయి. బయటి అవయవాలూ అంతే. ఒకే చిన్న బొడిపె మగపిల్లాడిలో శిశ్నం, ఆడపిల్లలో యోనిశీర్షం. రెండు ఉబ్బులు కలిసిపోతే వృషణాల సంచి, విడిగా ఉండిపోతే యోని పెదవులు. ఆ సంచి మధ్యలో కనిపించే గీత అవి అతుక్కున్న చోటే.

ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1940ల్లో కుందేలు కడుపులోని పిల్లలకే శస్త్రచికిత్స చేశాడు. వృషణాలు తీసేసిన మగపిండాల్లో గర్భసంచి పెరిగింది! టెస్టోస్టిరాన్ ఇచ్చి చూస్తే వోల్ఫ్ నాళం నిలిచింది కానీ మగపిండంలో కరిగిపోవాల్సిన ముల్లర్ నాళం కరగలేదు. అంటే వృషణం ఇంకో పదార్థం కూడా పంపుతోందన్నమాట. అదే ఏఎంహెచ్. ఎంత చక్కటి ఆలోచన!

దీన్ని బట్టి 'అందరం మొదట ఆడపిల్లలమే' అనేస్తుంటారు. నేనిది ఒప్పుకోను. అండాశయం ఊరికే మిగిలిపోయేది కాదు, దాన్ని కట్టడానికీ వేరే జన్యువులు పనిచేయాలి. ఆడ ఎలుకల్లో వోల్ఫ్ నాళం తొలగిపోవడానికి ఒక ప్రోటీన్ పని అవసరమని 2017లో అమెరికా పరిశోధకులు చూపించారు.

ఇదంతా రాయడానికి కారణం ఉంది. మగపిల్లాడు పుట్టడానికని రెండో నెలలో పసరు మందు మింగించే వాళ్లున్నారు. ఎక్స్ వచ్చేదీ వై వచ్చేదీ తండ్రి బీజం నుంచి, అదీ మొదటి రోజే. రెండో నెలలో ఏ మందూ దాన్ని మార్చలేదు. పైగా అవయవాలు రూపు కడుతున్న వారాలవి. దయచేసి ఏదీ మింగించకండి. ఆడపిల్ల పుట్టిందని తల్లిని ఒక్క మాట అనడం కూడా అన్యాయం.

ఇంకొకటి. సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ముల్లర్ నాళం సరిగా ఎదగక గర్భసంచి ఉండదు. అండాశయాలు మాత్రం బాగానే ఉంటాయి, అవి వేరే గ్రంథి నుంచి వచ్చినవి కదా. అందుకే ఆ పిల్ల అందరిలాగే ఎదుగుతుంది, నెలసరి మాత్రం రాదు. పదిహేనేళ్లు నిండినా అమ్మాయి పెద్దమనిషి కాకపోతే దాచిపెట్టకుండా గైనకాలజిస్టుకు చూపించండి, ఒక స్కానింగ్‌తో చాలావరకు తెలిసిపోతుంది. ఆమె అండాలు ఆమెకుంటాయి. గర్భసంచి లేనివారికి సరోగసీ దారిని మన 2022 నిబంధనలు తెరిచే ఉంచాయి. ఆ మాట తల్లికంటే ముందు ఆ అమ్మాయికే చెప్పండి.

ఇట్లు,
మీ డాక్టరు