శిక్షకు ముందు ఒక ప్రశ్న

నేను బడిపంతులును. కోర్టు మెట్లు ఒక్కసారే ఎక్కాను, అదీ చూడటానికి. నా దగ్గర పదో తరగతి దాకా చదివిన కుర్రవాడి మీద దొంగతనం కేసు. రాత్రిపూట ఒక కొట్టు తాళం పగలగొట్టి డబ్బు తీశాడన్నారు. తీశాడు కూడాను, అందులో నాకు సందేహం లేదు. తండ్రి బస్తాలు మోసే హమాలీ, నడుము పడిపోయి ఏడాదిగా మంచంలో ఉన్నాడు. కుర్రవాడికి ఇరవై ఏళ్లు.

పొద్దుటి నుంచీ కూర్చుంటే మధ్యాహ్నానికి కేసు పిలిచారు. నేరం రుజువైందని మేజిస్ట్రేటు గారు చదివారు. తరవాత తలెత్తి, శిక్ష విషయంలో చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడిగారు. కుర్రవాడు ప్లీడరు వంక చూశాడు. లీగల్ ఎయిడ్ వారు ఇచ్చిన ఆ ప్లీడరు, తండ్రి జబ్బుమనిషి, దయ చూడాలి అన్నాడు. ఏడాది జైలు. అంతా ఒక బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

మేజిస్ట్రేటు గారు కఠినుడని నేననను. అడగవలసిన ప్రశ్న ఆయన అడిగారు. ఆ ప్రశ్నను తప్పనిసరి చేసింది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు; దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన సంహితలోనూ అది ఉంది. నేరం చేశాడా అన్నది ఒక విచారణ. చేసినవాడు ఎటువంటివాడు, ఎందుకు చేశాడు, బాగుపడగలడా అన్నది మరొక విచారణ. మొదటిదానికి నెలలు పట్టింది. రెండోది ఒక్క వాక్యంతో ముగిసింది.

అదే బడిలో చదివి వకీలైన మరొకతను తరవాత నాకు చెప్పాడు: 1958 నాటి ప్రొబేషన్ చట్టం ప్రకారం, ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాణ్ణి, యావజ్జీవ శిక్ష పడదగ్గ నేరమైతే తప్ప, ఊరికే జైలుకు పంపటానికి వీల్లేదు. పంపితే కారణాలు రాయాలి. ముందుగా ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. ఆ రోజు ఆ చట్టం పేరు ఎవరి నోటా రాలేదు. నాకు అటువంటి చట్టం ఉందనే తెలియదు. కాని వాడు సెలవుల్లో ఇటుకబట్టీలో పనిచేసి పుస్తకాలు కొనుక్కున్న సంగతి నాకు తెలుసు. వెనక బెంచీ మీద కూర్చుని నోరు మెదపలేదు.

చెప్పేవాడూ వినేవాడూ ఉంటే ఏమవుతుందో 1974 నాటి ఈడిగ అనమ్మ కేసు చూపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసు. ఒక స్త్రీనీ, పసిబిడ్డనూ చంపిన నేరం, చిన్నదేమీ కాదు. అయినా సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె వయసూ, ఆమెకూ ఒక బిడ్డ ఉండటమూ, భర్త ఇంటి నుంచి ఆమెను వెళ్లగొట్టటమూ లెక్కలోకి తీసుకుని ఉరిని యావజ్జీవంగా మార్చాడు.

వినటం అదృష్టాన్ని బట్టి జరిగితే ఏమవుతుందో హర్బన్స్ సింగ్ కేసులో ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఒకే హత్యాకాండ, ముగ్గురికి సమాన పాత్ర, ముగ్గురికీ ఉరి. సుప్రీంకోర్టుకు వేరువేరుగా వెళ్లారు. ఒకడి శిక్షను 1977లో తగ్గించారు. ఇంకొకణ్ణి 1981 అక్టోబరు 6న ఉరితీశారు. మూడోవాడి శిక్ష తగ్గించవలసిందని 1982లో కోర్టే రాష్ట్రపతికి సిఫారసు చేసింది. రెండోవాడికి మాత్రం చేయగలిగిందేమీ మిగలలేదు.

అందుకని అందరికీ ఒకే కొలత పెడితే సరి అనేవాళ్లున్నారు. ఆ కొలతనూ చూశాం. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్ప వేరే శిక్ష లేదన్న 303వ సెక్షనును 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అక్కడ జడ్జీ వినవలసింది ఏమీ లేకుండా పోయింది మరి! ఉరి కేసులలో ముద్దాయి జీవిత వివరాలను కింది కోర్టు దశలోనే తెప్పించాలని 2022లో అదే కోర్టు చెప్పింది. మంచిదే. కాని హమాలీ కొడుకుల కేసులు అంత దూరం వెళ్లవు. ఉన్నవాడికి ఖరీదైన వకీలూ, డాక్టరు కాగితాలూ, మంచివాడని చెప్పే పెద్దమనుషులూ ఉంటారు. లేనివాడి జీవితం కోర్టులో ‘దయ చూడాలి’ అన్న రెండు మాటలకు కుదించుకుపోతుంది.

అప్పీలు వేశాం. వాడి చదువూ నడతా గురించి నేను రాసిన రెండు పేజీలు అందులో జతపరిచారు. జామీను నిలబడేవాళ్లు దొరక్క వాడింకా లోపలే ఉన్నాడు. మొన్న చూడటానికి వెళ్తే, “ఆ రోజు మీరు వచ్చారు గదా మాస్టారూ, వెనక బెంచీలో, చూశాను” అన్నాడు.