అవ్వ చేన్ల ఎల్లామాస

మాది మొగుడంపల్లి. ఈ పేరు చెప్పగానే స్త్రీవాద మిత్రులు నవ్వుతారు. ఒక సదస్సులో పరిచయాలప్పుడు ఒకావిడ "మరి పెళ్ళాంపల్లి ఎక్కడుంది?" అని అడిగింది. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటూ ఊరి పేరుని అట్లా జోకుగానే వాడుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాయబోయేదంతా ఆ పేరు మీద వ్యాఖ్యానంలా కనిపిస్తే అది నా తప్పు కాదు.

పంటల పండగంటే తెలుగువాళ్ళందరికీ సంక్రాంతే అనుకుంటారు. మా సరిహద్దు ఊళ్ళల్లో అది ఎల్లామాస. మార్గశిర అమావాస్య నాడు ఇల్లు తాళం పెట్టి, వండిందంతా గంపలకెత్తుకుని చేనుకి పోతాం. కన్నడంలో ఎళ్ళు అమావాస్య అంటారు, ఎళ్ళు అంటే నువ్వులు. అటు లాతూరు దాకా మరాఠీ రైతులూ చేస్తారు. జహీరాబాదు, నారాయణఖేడు దాటి హైదరాబాదు వైపు వస్తే దీని పేరు విన్నవాళ్ళు తక్కువ. మా ఊరు 2016లో మండల కేంద్రమయ్యింది, మెదక్ పోయి సంగారెడ్డి జిల్లా అయ్యింది. పండగ మాత్రం ఏ జిల్లాదీ కాదు, ఏ రాష్ట్రానిదీ కాదు.

2024లో ఈ అమావాస్య డిసెంబర్ 30, సోమవారం వచ్చింది. కాలేజీకి సెలవు పెట్టి ముందురోజు సాయంత్రమే ఊరు చేరాను. చాలా ఏళ్ళు నేను పండగ పూట మధ్యాహ్నానికి దిగి, తిని, ఫొటోలు తీసుకుని తిరిగిపోయేదాన్ని. అందుకే నాకు ఎల్లామాస అంటే ఎండ, చేను, భజ్జి. ముందురాత్రి వంట చూడకుండా పండగ చూశానని ఎట్లా అనుకున్నానో.

భజ్జి అంటే బజ్జీ కాదు. చేన్లో ఆ కాలానికి ఏముంటే అది అందులో పడాలి. పచ్చి కందిగింజలు, అనపగింజలు, పచ్చి శనగలు, శనగాకు, మెంతికూర, ఉల్లాకు, పల్లీలు, పచ్చిమిరపకాయలు, అన్నీ ఉడికించి శనగపిండి కలుపుతారు. వినడానికి ఒక్క వాక్యం. ఆ కాయలన్నీ ఒలవడానికి అవ్వా, వదినే, నేనూ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. నా గోళ్ళు పచ్చబడి రెండు రోజులు మంట పెట్టాయి. జొన్న అంబలి అంతకుముందే పులియబెట్టి ఉంది. తెల్లారి మూడింటికి వదినె లేచి పొయ్యి ముట్టించింది. సజ్జరొట్టెల మీద నువ్వులద్ది కాల్చడం, పోలెలు చేయడం, గంపలు కట్టడం. ఎనిమిదింటికి అన్న లేచి స్నానం చేసి "అయ్యిందా?" అన్నాడు. చెడ్డవాడు కాదు మా అన్న. ఆ ప్రశ్న మా నాయన నుంచి వచ్చింది, ఆయనకి వాళ్ళ నాయన నుంచి.

చేన్లో జొన్నచొప్ప నిలబెట్టి చిన్న గుడిసె కట్టారు. దాంట్లో అయిదు రాళ్ళు పెట్టి, సున్నం పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. అవి పంచపాండవులు. చిన్నప్పుడు "ద్రౌపది ఏదీ?" అని అడిగాను. అవ్వ తడుముకోకుండా "ఆమెకు కూసునుడు ఏడ దొరికింది? వంట జేస్తున్నది" అన్నది. స్త్రీవాదం చదివాక ఆ జవాబుని ఎన్ని క్లాసుల్లో చెప్పానో. పిల్లలు నవ్వుతారు, రాసుకుంటారు. అవ్వ ఏ చమత్కారమూ చేయలేదని, ఉన్నమాటే చెప్పిందని ఈసారి శనగపిండి చేతులతో కూర్చుని ఉండగా తట్టింది.

పూజ అయినాక వండినవన్నీ కొంచెం కొంచెం కలిపి, అంబలితో పాటు చేను చుట్టూ చల్లాలి. ఈ వేళకి భూమి కడుపుతో ఉంటుందని నమ్మకం. జొన్న పొట్టకొచ్చి ఉంటుంది, కంది గింజ గట్టిపడుతుంటుంది. కడుపుతో ఉన్న మనిషికి కోరినవన్నీ పెట్టినట్టే చేనుకీ పెట్టాలి. ఒక రకంగా సీమంతమే. కానీ ఆ సీమంతంలో ముత్తయిదువలకు పని లేదు. చల్లేది మగవాడు. నాయన పోయినప్పటినుంచి అన్న చల్లుతున్నాడు.

ఆరోజు అన్న ఫోన్లో మాట్లాడుతూ రోడ్డు దాకా పోయి ఎంతకీ రాలేదు. ఎండ నెత్తిమీదికొచ్చింది. మా మేనకోడలు ఇంజనీరింగు చదువుతోంది. "నేను చల్లుతా నానమ్మా, ఏమైతది?" అని కుండ తీసుకుంది. నేను సంతోషంగా చూస్తున్నా. అవ్వ కుండ గుంజుకుంది. "మీ నాయిన రానియ్యి. మొగపిల్లగాడు చల్లాలె" అంది. నాకు కోపం వచ్చింది. నాయన పోయినప్పటి నుంచి బొట్టు లేదని పూజ దగ్గరికి రాకుండా గట్టు మీద కూర్చుంటోంది అవ్వ. ఆ చేన్లో ఏ మూల నీళ్ళు నిలుస్తాయో, ఏ సాలులో అనుములు పెట్టాలో, ఏ విత్తనం బూడిదలో దాచాలో ఏ వేపాకులో దాచాలో ఆమెకే తెలుసు. అన్నకి జహీరాబాదులో దుకాణం. దున్నడానికి ట్రాక్టరు మాట్లాడతాడు, అంతే. "విత్తింది నువ్వు, చల్లేది ఆయననా?" అన్నాను. "మాటలు సాలు తియ్యి, అన్నం సల్లగైతున్నది" అంది అవ్వ.

తినేటప్పుడు ఆ ఫోను సంగతి బయటపడింది. రోడ్డు పక్కనున్న ఎకరం ప్లాట్లకి అడుగుతున్నారట. మంచి ధర. అన్న సాదాగానే చెప్పాడు, మాతో సలహా చేస్తున్నట్టు. అవ్వ రొట్టె తుంచుతూ ఆగి నా వైపు చూసింది. అన్న వైపు కాదు.

ఎందుకు చూసిందో నాకు తెలుసు. నాయన 2015లో పోయాడు. తాత నుంచి వచ్చిన నాలుగెకరాలు. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరుగుతున్నప్పుడు అన్న ఒక కాగితం పట్టుకుని హైదరాబాదు వచ్చాడు. విరాసత్ తన పేరు మీద చేయడానికి మాకు అభ్యంతరం లేదని రాసి ఉంది. అవ్వ వేలిముద్ర అప్పటికే పడింది. నేను చాయ్ పెట్టి, కాగితం చదవకుండా సంతకం చేశాను. ఆ ఏడాదే ఎం.ఏ. పిల్లలకి బీనా అగర్వాల్ పుస్తకం 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్' చెబుతున్నాను. 1994లో వచ్చిన పుస్తకం. అన్నదమ్ములతో సంబంధం చెడకూడదని, పుట్టింటి తలుపు మూసుకుపోకూడదని ఆడవాళ్ళు తమ వాటా వదులుకుంటారని ఆమె అందులో చర్చించింది. పేజీలకి పేజీలు జిరాక్సు తీసి పంచాను. సాయంత్రం ఇంటికొచ్చి సంతకం పెట్టాను. ఉదారంగా ఉన్నాననుకున్నాను కూడా.

చట్టం తెలియక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ కూతుళ్ళకి పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికానివాళ్ళకి. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. దేశమంతటికీ 2005లో వచ్చింది. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అవ్వకి భార్యగా నాయన భాగంలో వాటా ఉంది. ఇవన్నీ క్లాసులో చెప్పగలను.

2018లో కొత్త పాసుబుక్కులు అన్న పేరు మీద వచ్చాయి. ఆ వానాకాలమే రైతుబంధు మొదలైంది, పంటకి ఎకరానికి 4,000 రూపాయలు. డబ్బు పట్టాదారుకే, అంటే అన్న ఖాతాలో. విత్తనాలకని అవ్వకి కొంత ఇచ్చేవాడు. ఇచ్చేవాడు అని రాస్తున్నప్పుడే ఎక్కడో గుచ్చుకుంటుంది. సర్కారు లెక్కల్లో మా చేనుకి రైతు దుకాణంలో కూర్చునే మనిషి. అవ్వ ఎవరు? రైతు తల్లి.

మా గెట్టుకి ఇవతల కూర్చుని తింటున్నవాళ్ళలో మా చేన్లో కలుపు తీసిన మాదిగ ఆడవాళ్ళిద్దరున్నారు. వాళ్ళకి వదినె విడిగా ఆకులేసింది. చిన్నప్పుడు గెట్టు అవతల కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఇవతల. ఆ తేడాని ప్రగతి అనాలా అని నేను తటపటాయిస్తూనే ఉన్నాను. వాళ్ళల్లో పెద్దామె సంఘంలో మనిషి. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఈ చుట్టుపక్కల దళిత స్త్రీలు బీడు భూములు బాగుచేసుకున్నారు, ఉమ్మడిగా కౌలుకి పట్టి పండించారు, ఊరి విత్తనాలు ఊళ్ళోనే నిలబెట్టారు. ఏటా సంక్రాంతికి మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర ఊరూరా తిప్పుతారు. 2008లో మాచ్‌నూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వీటి గురించి నేను వ్యాసాలు చదివినదాన్ని. ఆమె మా మాటలన్నీ విని, రొట్టె అంచు నములుతూ "మాకు భూమి లేకపాయె గని, ఉన్నకాడికి మా పేరు మీద్నే ఉన్నది అమ్మా" అంది. ఎవ్వరూ మాట్లాడలేదు. అన్న ఒచ్చిన ఫోను ఎత్తాడు.

సాయంత్రం అందరూ కారెక్కారు. అవ్వ మాత్రం నడిచొస్తానంది, నన్ను ఉండమంది. గెట్టు వెంట పోతున్నాం. అంబలి మెతుకుల మీద పిట్టలు వాలుతున్నాయి.

"నువ్వు జేసిన సంతకం అమ్ముకొమ్మనేనా?" అని అడిగింది.

ఒక లాయరు స్నేహితురాలిని అంతకుముందే అడిగి ఉన్నాను, సిగ్గుపడుతూ. అది పేరు మార్పుకి ఒప్పుకున్న కాగితమే, వాటా వదులుకుంటున్నట్టు రిజిస్టరు చేసిన దస్తావేజు కాదు. రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కంతా అతనిదైపోదు అని చెప్పింది. అవ్వకి అదే చెప్పాను.

"అయితే నా పేరు ఎక్కుతదా?"

"కోర్టుకి పోవాలె అవ్వా. అన్న మీదనే పోవాలె."

చాలాసేపు ఏమీ అనలేదు. వంగి ఒక కందికాయ తెంపి, ఒలిచి చూసింది. ఇంకా పచ్చిగానే ఉంది.

"సంకురాత్రి దాటినంక కంది కోస్తం. నువ్వు రా. వచ్చేటప్పుడు ఆ కాయితం తే."

తీసుకునే పోయాను. జిరాక్సు కాపీ, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి ఉంది. వంటింట్లో పీట మీద కూర్చుని అవ్వకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. రెండోసారి చదువుతుంటే వదినె రొట్టె తట్టడం ఆపి, చేతిలో పిండి ముద్ద అట్లాగే పట్టుకుని నిలబడింది. చదవడం అయిపోయాక పెనం మీది రొట్టె మాడుతున్నా తిప్పకుండా, "మావోళ్ళు గూడ నాతోటి ఇసుంటిదే ఒకటి పెట్టిచ్చుకున్నరు" అంది.